పందిని కోసిన కత్తి

సిట్ పూయ్-లాన్ చేసిన ఆయుధాలతో ముప్పై ఏళ్లలో కొన్ని వేలమంది చచ్చారు. ఆ చచ్చినవాళ్లంతా దర్శకుడు చాలన్నాక లేచి, ఒళ్లు దులుపుకుని, పాల టీ తాగి ఇళ్లకు పోయారు. ఆమెకు ఈ భూమ్మీద గర్వమంటూ ఉంటే ఆ ఒక్క విషయంలోనే. తన చేతి కత్తి ఎవరి ఒంటి మీదా చుక్క రక్తం చూడలేదని, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెప్పుకునేది.

స్టూడియోల్లో ఆమె అందరికీ లానక్కే. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. డైమండ్ హిల్‌లో రేకుల ఇళ్ల మధ్య ఆమెకో షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గుమ్మం పక్కన ఈటెలు, గండ్రగొడ్డళ్లు, రెండు బారల పొడవు బల్లేలు మొలిచినట్టు నిలబడి ఉండేవి కాబట్టి చిరునామా అడిగినవాడెవడూ దారి తప్పలేదు. ఎదురింటి నూడుల్స్ కొట్టువాడు వానాకాలంలో తన టార్పాలిన్‌కి ఆ బల్లేలే ఊతంగా పెట్టుకునేవాడు. షూటింగుకి పోయేరోజు వాటిని లాక్కుంటే రోజంతా గొణిగేవాడు.

వాళ్ల నాన్న నాటక కంపెనీలకు ఆయుధాలు చేసేవాడు. బెత్తం వంచి, గుడ్డ చుట్టి, జిగురు పూసి, పైన వెండికాగితం అంటించేవాడు. ఎనిమిదేళ్లప్పుడు లానక్క పని ఆ వెండికాగితం మీద ముడతలు పడకుండా గోటితో రుద్దడం. నాటకాలు తగ్గి సినిమాలు పెరిగాక నాన్న సరుకు పనికిరాలేదు. కెమెరాకి దగ్గర చూపు ఎక్కువ, వెండికాగితాన్ని ఇట్టే పట్టేస్తుంది. ఆయన అలిగి చేపల మార్కెట్లో బుట్టలు అల్లడానికి పోయాడు. కూతురు లారీ స్ప్రింగు పట్టీలు కొని, కొలిమి పెట్టుకుంది.

ఆమె దగ్గర కత్తులు మూడు రకాలు. దూరంగా నిలబడే గుంపుకి చెక్కవి, కొట్టుకునేవాళ్లకి అల్యూమినియంవి, కెమెరా దగ్గరకొచ్చి చూసేవాటికి ఉక్కువి. ఉక్కువైనా సరే, వాదరను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, చంటిపిల్ల చప్పరించినా ఏమీ కాదన్నంత నున్నగా చేశాకే షెడ్డు దాటించేది. ఫైటరు చేతికిచ్చేముందు తన ముంజేతి మీద అటూ ఇటూ లాగి చూపించేది. ఆ చేయి చూసే చాలామంది మగవాళ్లకు ధైర్యం వచ్చేది.

ఇదంతా 1988లో ఒక ముహూర్తం నాటి సంగతికి ముందు. అప్పుడామెకు యాభై రెండేళ్లు.

ఆ సినిమాలో పాతకాలపు రాజుగారి కోటలో పన్నెండుమంది కాపలా స్త్రీలు ఒక మాయబావిలోకి దూకి, ఇప్పటి కొలూన్‌లో ఒక కార్ల పార్కింగ్‌లో పైకి తేలతారు. అక్కడ మరతుపాకులు పట్టుకున్న దొంగసరుకు ముఠా ఉంటుంది. ఇటు కత్తులు, అటు తుపాకులు, మధ్యలో దయ్యాల సైన్యం ఒకటి. ఆ దయ్యాలు ఎవరి పక్షమని దర్శకుణ్ణి ఎవరూ అడగలేదు. ఆయనకూ అప్పటికి సగం కథే తెలుసు.

తుపాకుల సంగతి ఔయాంగ్ చూసేవాడు. పోలీసు ఆయుధాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక్కో తుపాకికి నంబరు, ఒక్కో నంబరుకి పర్మిట్టు, పెట్టెకి రెండు తాళాలు. గుండు లేని తూటాలే అయినా పొద్దున ఎన్నిచ్చాడో సాయంత్రం అన్ని ఖాళీ డొప్పలు ఏరుకునే దాకా ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు. ఆయనకి దేవుడు లేడు, రిజిస్టరు ఉంది. లానక్క కత్తుల్ని చూస్తే ఆయనకు నవ్వు.

“లానక్కా, నీ బొమ్మలకి కూడా ఒక తాళం కప్ప కొనిపెట్టనా?” అనేవాడు.

“నీ సామానుకే పెట్టుకో. ఊరంతా వినపడేలా అరుస్తుంది, ఏమీ చేయదు. అచ్చం మా ఆయనే.”

వాళ్లాయన మినీబస్సు డ్రైవరు. ఆ అరుపు గురించి ఆ బస్సెక్కిన ప్రతివాడికీ తెలుసు.

ఇక పంది సంగతి. సినిమా మొదలుపెట్టే రోజు ఆరుబయట బల్ల వేసి, ఎర్రముఖం క్వాన్ తాయ్ దేవుడి బొమ్మ పెట్టి, అగరొత్తులు వెలిగించి, నిలువునా కాల్చిన పందిని ముందుంచుతారు. పెద్దలు దాన్ని కోయాలి. తర్వాత ముక్కలు చేసి అందరికీ పంచాలి. ఆ పంపకం సెట్టు సామాను చూసుకునే లానక్కలాంటి ప్రాపర్టీ వాళ్ల పని. ముహూర్తం వేళకి మొదటి షాట్ తీయాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకూడదు. ఆ పూట నోట అశుభం మాట రాకూడదు. ఆపండి, తెగింది, విరిగింది, రక్తం, ఇవేవీ అనరు. ఒకసారి ఒక లైట్‌మన్ నిచ్చెన ఎక్కి “పడిపోతానేమో” అన్నందుకు ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు.

ప్రొడ్యూసర్ షెక్ తన ముందటి సినిమాకి పందిని హీరో కత్తితో కోయించాలని సరదా పడ్డాడు. అది అల్యూమినియం కత్తి. పెళుసుగా కాలిన తోలు మీద పెట్టి నొక్కేసరికి అరటి తొక్కలా వంగిపోయింది. సాయంకాలం పత్రికలో ఆ ఫోటో పడింది. సినిమా నాలుగు రోజులాడింది. ఈ రెండింటికీ సంబంధం లేదని షెక్‌కి ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

అందుకే ఈసారి ముహూర్తానికి వారం ముందు ఆయన స్వయంగా షెడ్డుకొచ్చాడు. కూచోవడానికి చోటు లేక ఒక ఏనుగు అంకుశం పక్కకు జరిపి నిలబడ్డాడు.

“లానక్కా, మళ్లీ సినిమా కత్తితోనే కోయిస్తాను. ఈసారి కోయాలి.”

“మాంసం కత్తి ఉంది కదా బాస్. దాని బతుకే అది.”

“పోయినసారి కత్తి వంగిందనేగా జనం నవ్వింది?”

“కత్తి వంగింది. కథ అసలు లేవనే లేదు.”

షెక్ నవ్వలేదు. డబ్బు పెట్టినవాళ్లు పందిని చూడటానికి వస్తున్నారని, వాళ్లు నవ్వులపాలైతే ఊరుకునే రకం కాదని అన్నాడు. ఆమె కాదనడానికి చూసింది, కాదనలేకపోయింది. ఈ పన్నెండు కత్తులూ కెమెరా దగ్గరగా వచ్చేవి కాబట్టి ఉక్కుతోనే చేసింది. అందులో ఒకటి తీసి, మొన దగ్గర నాలుగు వేళ్ల మేర మాత్రం సానరాయి మీద పదును పెట్టింది. ముప్పై ఏళ్లుగా పదును తీయడమే తప్ప పెట్టడం తెలియని చేతికి ఆ పని హాయిగా అనిపించిందని తర్వాత ఒప్పుకుంది. ముంజేతి మీద లాగి చూస్తే వెంట్రుకలు రాలాయట. అప్పుడు భయమేసిందట.

ఆమె ఉపాయం తేలిక. పందిని కోయగానే ఆ కత్తికి ఎర్రగుడ్డ చుట్టి బల్ల కింద పెట్టడం, పంపకం అయ్యాక షెడ్డుకి పట్టుకుపోయి వాదర అరగదీయడం. ఆ పూట మొదటి షాట్‌లో పన్నెండుమందికీ కత్తి తక్కువ రాకుండా పదమూడోది కూడా చేసి తెచ్చింది.

ముహూర్తం పొద్దున పదీ ఇరవై ఎనిమిదికి. సాయ్ కుంగ్ వైపు కొండ కింద స్టూడియోలో, సెట్టు బయట బల్ల వేశారు. పంది బంగారం రంగులో నిగనిగలాడుతోంది. షెక్ కత్తి ఎత్తి దించాడు. తోలు ఫెళ్లుమని పగిలి, కత్తి వీపు దాకా దిగింది. డబ్బు పెట్టినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. లానక్క కత్తికి ఎర్రగుడ్డ చుట్టి బల్ల కింద పెట్టి, అసలైన మాంసం కత్తి అందుకుని అరవైమందికి ముక్కలు కొట్టడం మొదలుపెట్టింది. తోలున్న ముక్క నాకంటే నాకని ఎగబడేవాళ్లను మోచేత్తో నెడుతూ ఓ పావుగంట తలెత్తలేదు.

తలెత్తేసరికి పదీ ఇరవై. బల్ల కిందికి చూసింది. ఎర్రగుడ్డ జిడ్డోడుతూ నేల మీద పడి ఉంది. కత్తి లేదు.

పక్కనే టీ ఇచ్చే సౌ పెద్దమ్మ గ్లాసులు కడుగుతోంది. కాంటన్ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషి, ఊరికే కూచోవడం చేతకాదు. కత్తేదని అడిగితే, ఉతికిన బట్టల గురించి చెప్పినట్టు చెప్పింది.

“కొవ్వు కారుతుంటే తుడిచి మిగతావాటితో పెట్టా. అలా వదిలేస్తే ఈగలు ముసరవూ?”

లానక్క సెట్టులోకి పరుగెత్తింది. కత్తులు పెట్టే చట్రం దగ్గర ఒక్క కత్తి మిగిలి ఉంది. బొటనవేలితో రాసి చూసింది. మొద్దుగానే ఉంది. మొదట హీరోయిన్, ఆమె పక్కన పదకొండుమంది ఆడఫైటర్లూ అప్పటికే కత్తులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. పిడికి ఒకేలాంటి ఎర్రజాలరు, ఒకేలాంటి మెరుపు. ఎదురుగా పన్నెండుమంది మగఫైటర్లు ఔయాంగ్ తుపాకులు పట్టుకుని ఉన్నారు. మొదటి షాట్‌లో ఒక్కో అమ్మాయీ ముందుకురికి, ఒక్కోడి మెడకీ భుజానికీ మధ్య కత్తి దించాలి. ఫైట్ మాస్టర్ ఖో తాకీ తాకనట్టు కొట్టేవాళ్లను మెచ్చేవాడు కాదు. తాకాలి అనేవాడు. తాకినా ఏమీ కాదని అందరికీ తెలుసు, లానక్క కత్తులు కాబట్టి.

ఆపండి అని అరిస్తే సరిపోయేది. అరిస్తే ముహూర్తం పోతుంది. మూడేళ్ల కిందట ఇలాగే ఒక ముహూర్తం రెండు నిమిషాలు తప్పించిన మనిషికి ఆ తర్వాత ఏ స్టూడియోలోనూ పని దొరకలేదు, ఇప్పుడు రేవులో బస్తాలు లెక్కరాస్తున్నాడు. వరసలోకి దూరి కత్తులు తడిమి చూద్దామంటే, లానక్కే తన కత్తుల్ని అనుమానంగా తడుముతోందంటే, వాటిని పట్టుకున్న చేతులు వణుకుతాయి. పదీ ఇరవై ఏడు దాకా చూసి, తేలకపోతే అరవడమే అనుకుంది. బస్తాలు లెక్కరాయడం అంత కష్టమైన పనేమీ కాదు.

అప్పుడామె చెయ్యి ఏప్రన్ జేబులోకి పోయింది. జేబు నిండా ఎర్ర కవర్లు. తెర మీద చచ్చేవాళ్లకి శాంతికోసం చిన్న నోటు పెట్టి ఇచ్చే కవర్లవి. ఇవ్వడం ప్రాపర్టీ వాళ్ల వంతే, కాకపోతే చచ్చాక ఇస్తారు.

ఆమె వరస ముందుకెళ్లి, పెళ్లి పెద్దలా గొంతు సవరించుకుంది.

“అమ్మాయిలూ, కత్తులు ముందుకు చాపండి. వాదర పైకి. కవరు కత్తి మీదే అందుకోవాలి, చేత్తో కాదు.”

ఖో మాస్టర్ గడియారం చూసుకుని చిరాకుపడ్డాడు. “ఇదేం కొత్త ఆచారం?”

“కొత్తదేంటి మాస్టారూ? మా నాన్న నాటక కంపెనీలో తెర లేచేముందు ఇదే చేసేవాళ్లు. మీకు తెలీదా?”

ఖో పదేళ్ల వయసు నుంచీ నాటక కంపెనీలో పల్టీలు కొట్టిన మనిషి. పాత ఆచారం ఒకటి తనకు తెలియదని అరవైమంది ముందు ఎలా ఒప్పుకుంటాడు?

“తెలీకేం, తెలుసు. చేతులు నిటారుగా చాపండే, వినపడటం లేదూ?” అని అమ్మాయిల మీద కేకలేశాడు.

లానక్క మొదటి అమ్మాయి దగ్గర కవరు మధ్యకు మడిచి, వాదర మీద వేసి, పిడి నుంచి మొన దాకా మెల్లగా లాగింది. ఏమీ కాలేదు. శుభం అని కవరు అమ్మాయి నడికట్టులో దోపింది. రెండో అమ్మాయి. మూడు. నాలుగు. కళ్లజోడు షెడ్డులోనే మరచిపోయింది కాబట్టి కళ్లతో పని లేదు, వేళ్లనే నమ్ముకుంది. ఆరో అమ్మాయికి నవ్వొచ్చి కత్తి వణికింది. ఎనిమిదో అమ్మాయి కవరులో ఎంతుందని గుసగుసగా అడిగింది. పదీ ఇరవై అయిదు.

తొమ్మిదో అమ్మాయి పేరు హాంగ్-యీ. కొత్తగా చేరింది. కవరు మొన దగ్గరికి రాగానే చప్పుడు లేకుండా రెండైంది. ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు రాలాయి. లోపలి నోటు కూడా రెండైంది.

హాంగ్-యీ ముఖంలో రంగు దిగిపోయింది. ముహూర్తం పూట, దేవుడి ఎదుట, ఎర్ర కవరు తెగింది. దాన్ని తెగిందని అనడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. షెక్ మెల్లగా దగ్గరికొచ్చాడు. వెనక డబ్బు పెట్టినవాళ్లున్నారు.

“దీనర్థం ఏంటి?”

“దేవుడు ఈ కత్తిని ఎంచుకున్నాడు బాస్.”

ఆ మాట కొంచెం తొందరపడి అంది. షెక్ ముఖం వెలిగిపోయింది.

“అయితే ఇది హీరోయిన్ చేతికివ్వండి. మొదటి దెబ్బ ఈ కత్తితోనే పడాలి.”

మొదటి దెబ్బ ఆమె ఎదురుగా తుపాకి పట్టుకున్నవాడి మెడ మీద. హీరోయిన్ అప్పటికే చెయ్యి చాపేసింది. లానక్క హాంగ్-యీ చేతిలోంచి కత్తి తీసుకుని రొమ్ముకి అడ్డంగా పట్టుకుంది.

“దేవుడు ఎంచుకున్నది దేవుడికే. వేరేవాళ్లు ముట్టుకుంటే మంచిది కాదు.”

“ఎవరికి మంచిది కాదు?”

“డబ్బు పెట్టినవాళ్లకి.”

షెక్ రెండడుగులు వెనక్కేశాడు. డబ్బు పెట్టినవాళ్లు నాలుగేశారు.

ఆమె మిగిలిన ముగ్గురి కత్తుల మీదా కవరు లాగి, అప్పుడు హాంగ్-యీకి చట్రంలో మిగిలిన మొద్దు కత్తి ఇచ్చింది. అంతకుముందు దాని మీద కూడా ఒక కవరు లాగింది. నోటు చెడిపోయినందుకు ఆ అమ్మాయికి రెండు కవర్లు దోపింది. మిగతా పదకొండుమందికి కోపం వచ్చింది. పదునున్న కత్తిని తీసుకెళ్లి క్వాన్ తాయ్ పాదాల దగ్గర పెట్టి, అగరొత్తి వెలిగించింది.

పదీ ఇరవై ఎనిమిదికి క్లాప్ కొట్టారు. పన్నెండుమంది ఉరికారు. తుపాకులు పేలాయి. పన్నెండు కత్తులు పన్నెండు భుజాల మీద దిగాయి, పన్నెండుమంది చచ్చి, లేచి, మెడలు రుద్దుకుంటూ హాంగ్-యీ చెయ్యి మహా బరువని తిట్టుకున్నారు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు వచ్చినప్పుడు ఔయాంగ్ ఆమె పక్కన కూచున్నాడు. తెగిన కవరు ముక్క ఒకటి జేబులోంచి తీసి, కత్తిరింపు ఎంత నున్నగా ఉందో వెలుతురులో పెట్టి చూశాడు. పోలీసు బుద్ధి.

“ఎంత మేర?” అన్నాడు.

“నాలుగు వేళ్లు.”

“ఎవరు చట్రంలో పెట్టింది?”

“ఎవరో పెట్టారు. తప్పు పదును పెట్టినదానిది.”

ఔయాంగ్ ఆ ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు తాళం కప్ప మాట ఎత్తలేదు. తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ సినిమా తొమ్మిది వారాలాడింది. దయ్యాలు ఎవరి పక్షమో చివరిదాకా ఎవరికీ తెలియలేదు, జనం పట్టించుకోలేదు. షెక్ మాత్రం విజయానికి కారణం కత్తి మీద కవరేనని పత్రికలవాళ్లకి చెప్పాడు. నెల తిరక్కుండా ఇంకో స్టూడియోనుంచి మనిషొచ్చాడు, ముహూర్తానికి లానక్క వచ్చి ఆ కవర్ల తంతు జరిపించాలని. తర్వాత మరొకరు. ఏడాదిలోపు కత్తులున్న ఏ సినిమా అయినా కవర్లు లాగకుండా మొదలయ్యేది కాదు. ఆమె రాలేనిచోట ఖో మాస్టర్ జరిపించేవాడు. అడిగినవాళ్లకి, చిన్నప్పుడు తన గురువుగారు ఇలాగే చేసేవారని చెప్పేవాడు. ఇది పాత రాజుల సేనాపతులు యుద్ధానికి ముందు చేసిన పూజ అని ఒక అసిస్టెంట్ డైరెక్టరు ఎక్కడో రాశాడు కూడా.

లానక్క ఎవర్నీ కాదనలేదు. మొదట్లో నవ్వు ఆపుకోవడం కష్టమైంది. రెండో ఏడు వాన్ చాయ్‌లో ఒక సెట్టు మీద, ఇంకెవరో సప్లై చేసిన కత్తి మీద కవరు తెగింది. అరగదీయడం సగంలో వదిలేసిన సరుకు. దాన్ని దేవుడి దగ్గర పెట్టారు, షూటింగు సాగింది. ఆ తర్వాత ఆమెకు నవ్వు రాలేదు. కవరు కాగితం ఇంకాస్త పల్చనిది వాడమని అందరికీ చెప్పింది.

ఒకరోజు ఔయాంగ్ డైమండ్ హిల్ షెడ్డుకొచ్చాడు. కాసేపు అటూ ఇటూ చూసి, తన తుపాకులకి కూడా ఏదైనా పాత ఆచారం ఉందేమో కనుక్కోమన్నాడు. రిజిస్టరు చూపిస్తే నటులు వినడం లేదట, చేతికివ్వగానే ఒకరి మీద ఒకరు గురిపెట్టుకుని ఆడుకుంటున్నారట.

“నీకు దేవుడు లేడు కదా?” అంది లానక్క.

“నాకు లేడు. వాళ్లకున్నాడు.”

ఇద్దరూ టీ తాగుతూ ఆలోచించారు. చివరికి, తుపాకి విప్పి, గొట్టంలోంచి దేవుడి దీపం చూడాలని, వెలుగు కనిపిస్తేనే చేతికి తీసుకోవాలని తేల్చారు. గొట్టంలో ఏదైనా అడ్డుంటే వెలుగు కనపడదు. ఔయాంగ్ తన తుపాకులతో పాటు దేవుడి ముందు నిలబడి, ఒక్కో నటుడికీ వంగి చూపిస్తుంటే, ఆయన ఎంత భక్తిపరుడో అని అందరూ అనుకునేవాళ్లు.

సౌ పెద్దమ్మకి మాత్రం కవర్ల తంతు చూసినప్పుడల్లా అసంతృప్తే. ఆ రోజు తాను తుడిచిపెట్టిన కత్తి ఏదో ఆమెకెవరూ చెప్పలేదు. ఒక ముహూర్తం పూట గ్లాసు చేతికిస్తూ లానక్కను పక్కకు పిలిచి మందలించింది.

“నువ్వు చేసేది సగమేనే. మా కాంటన్‌లో కత్తిని తూర్పుకి తిప్పి పట్టుకునేవాళ్లు. నా కళ్లారా చూశా.”

లానక్క ఆమె ముఖంలోకి చూసింది. పెద్దమ్మ నిజంగానే చూసినట్టుంది. అలాగే పెద్దమ్మా అంది. ఆ పూట నుంచీ అమ్మాయిల్ని తూర్పుకి తిప్పి నిలబెట్టడం మొదలుపెట్టింది. పొద్దుటి ఎండ ఎదురుగా పడితే, వాదర మీద పదును ఎక్కడుందో కళ్లజోడు లేకపోయినా కనిపించేది.